రెండు వందల ఫైను, నాలుగు ‘అవును’లు

ముందు కోడి గురించి చెప్పాలి. డేగ పుంజు. పోలీస్ స్టేషన్ వరండాలో బల్ల కాలికి తాడేసి కట్టారు దాన్ని. కత్తి కట్టిన చోట దారం ముక్క ఇంకా వేలాడుతోంది. రైటర్ గారు ఒక్కొక్కరినీ పిలిచి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు రాసుకుంటుంటే అది మధ్యమధ్యలో కూత పెడుతోంది. నా వంతు వచ్చి ఇంటిపేరు చెప్పే సమయానికి మరీ గట్టిగా కూసింది. ‘ఏంటీ?’ అన్నారాయన. మళ్లీ చెప్పాను. ఆయన ఏం రాసుకున్నారో ఆరేళ్ల తర్వాత గానీ నాకు తెలియలేదు.

అది 2018 సంక్రాంతి. నాకు 20 ఏళ్లు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. మాది రాజోలు దగ్గర ఒక పల్లె. నాన్న కొబ్బరికాయల వ్యాపారి దగ్గర గుమస్తా. పండక్కి మా వీధి కుర్రాళ్లం మూడు బళ్ల మీద చించినాడ వంతెన దాటి భీమవరం వైపు వెళ్లాం. పండగ మూడు రోజులూ అటు తొంగి చూడని పోలీసులు ముక్కనుమ నాడు మధ్యాహ్నం జీపుల్లో దిగారు. నేను పందెం కాయలేదు, కాసే స్తోమత మాకు లేదు. బరి పక్కన గుండాట అనే జూదం బల్ల దగ్గర యాభై రూపాయలు పెట్టాను, పోయాయి. ఇంకో యాభై తీస్తుండగా జనం ఒక్కసారిగా చెదిరారు. బరి వేసినవాళ్లు చేల గట్ల మీద పడి మాయమయ్యారు. బళ్లు ఎక్కడ పెట్టామో వెతుక్కుంటున్న మాలాంటి వాళ్లం 14 మందిమి దొరికాం. మధ్యవర్తుల రిపోర్టు రాశారు, జేబుల్లో డబ్బు లెక్కపెట్టారు, రాత్రికి స్టేషన్ బెయిల్ మీద వదిలేశారు.

ఫిబ్రవరిలో కోర్టుకి రమ్మన్నారు. వరండాలో కానిస్టేబుల్ ముందే చెప్పాడు: ‘ఒప్పేసుకోండి, రెండొందలు కట్టేయండి, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు. కాదంటే ప్రతి వాయిదాకీ తిరగాలి.’ చెడ్డ ఉద్దేశంతో చెప్పాడనుకోను. జడ్జి గారు నేరం ఒప్పుకుంటున్నారా అని అడిగితే 14 మందిమీ ఒకే గొంతుతో ‘ఆయ్, ఒప్పుకుంటున్నామండి’ అన్నాం. పావుగంటలో అయిపోయింది. ఎదురుగా హోటల్లో పెసరట్టు తిని, రసీదు అక్కడే చేతులు తుడుచుకుని పారేసి వచ్చాను. ఇంట్లో ‘కేసు పోయింది’ అని చెప్పాను. నేనూ అలాగే నమ్మాను.

2023లో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ల ఇంటర్ స్థాయి పరీక్ష రాశాను. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రెండేళ్లు గదిలో ఉండి చదివిన చదువు అది. 2024లో క్లర్కు ఉద్యోగానికి ఎంపికయ్యాను. ఆఫర్ కాగితాలతో పాటు అటెస్టేషన్ ఫారం వచ్చింది. పుట్టిన ఊరు, చదివిన బళ్లు, గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నాం, మన గురించి చెప్పగల ఇద్దరు పెద్దమనుషులు... ఇవన్నీ హుషారుగా నింపుకుంటూ పోయాను. పన్నెండో కాలమ్ దగ్గర పెన్ను ఆగింది.

ఆ కాలమ్ కింద చిన్న చిన్న ప్రశ్నలు. ఎప్పుడైనా అరెస్టయ్యారా? మీ మీద ప్రాసిక్యూషన్ జరిగిందా? నిర్బంధంలో ఉన్నారా? బైండోవర్ చేశారా? కోర్టు జరిమానా వేసిందా? కోర్టు దోషిగా తేల్చిందా? ప్రతిదానికీ అవును, కాదు. ‘జరిమానా’ అన్న మాట విడిగా, దాని సొంత వరసలో ఉంది. నాలాంటి వాడి కోసమే పెట్టినట్టు. పైన మొదటి పేజీలో హెచ్చరిక: తప్పు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా అనర్హత. సర్వీసులో ఉండగా ఎప్పుడు బయటపడ్డా ఉద్యోగం పోవచ్చు.

‘కేసు పోయింది’ అనుకున్నది పోలేదని ఆ రాత్రి మొదటిసారి అనిపించింది.

మా మావయ్య ఏ విషయానికైనా ముందు అడ్డదారి వెతికే మనిషి. ‘ఎవడు చూస్తాడ్రా? గుండాట కేసు కూడా ఓ కేసేనా? ఆ లెక్కన సంక్రాంతికి మన రెండు గోదావరుల్లో ఎవడికీ సర్కారు ఉద్యోగం రాదు’ అన్నాడు. నాన్న ఏం మాట్లాడలేదు. అమ్మకి మాత్రం భయం పట్టుకుంది. 2022 మేలో అమలాపురం గొడవలయ్యాక మా వైపు తల్లులకి ‘కేసు’ అన్న మాట వింటేనే దడ. అప్పట్లో పక్క వీధి కుర్రాడి కోసం వాళ్లమ్మ ఎన్ని గడపలెక్కిందో మా అమ్మ కళ్లారా చూసింది.

అసలు ఆ కేసులో ఏముందో చూద్దామని ఈ-కోర్ట్స్ సైట్‌లో నా పేరు కొట్టాను. రాలేదు. పేరు కొంచెం మార్చి కొట్టినా రాలేదు. ఎఫ్ఐఆర్ నంబరు ఉంటే దాంతో వెతకొచ్చు, కానీ నా దగ్గర చిన్న చీటీ కూడా లేదు. అప్పుడు మా వీధి స్నేహితుడు గుర్తొచ్చాడు. నాతో పాటే దొరికాడు, బెయిల్ కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నాడు. మెసేజ్ పెట్టగానే ‘దేనికిరా?’ అనైనా అడగకుండా పంపాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం ఇస్తే కేసు తెరుచుకుంది. ఎస్‌టీసీ (సమ్మరీ ట్రయల్ కేసు) నంబరు, ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు, ముగిసిన కేసు అన్న మాట, కింద ముద్దాయిల పేర్లు. తొమ్మిదో పేరు వాడిది. పదోది నాది, కానీ ఇంటిపేరులో ‘గ’ ఉండాల్సిన చోట ‘ద’ పడింది. కోడి కూత ఫలితం. ఆ స్క్రీన్ చూడగానే మావయ్య మొహం వెలిగిపోయింది. ‘చూశావా! దేవుడే దారి చూపించాడు. అది నువ్వు కాదు.’

నాకూ ఒక్క క్షణం ఆశ పుట్టింది. అబద్ధం చెప్పను.

మర్నాడు అమలాపురంలో ఒక లాయర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఫోన్లో స్క్రీన్ చూసి, అద్దాలు పైకి నెట్టుకుని, ‘ఏపీ గేమింగ్ చట్టం, 1974, సెక్షన్ తొమ్మిది ఒకటి. మీరే ఒప్పుకున్నారు కాబట్టి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 252 కింద దోషులుగా తేల్చి ఫైను వేశారు. కేసు పోలేదు బాబూ, నెగ్గింది. వాళ్లు నెగ్గారు’ అన్నారు. రెండు వందలు కట్టడం అంటే శిక్ష పడి, ఆ శిక్ష అనుభవించడమే అన్నమాట. మేం మాత్రం అది పార్కింగ్ టికెట్ లాంటిది అనుకున్నాం. వాయిదాలకి తిరగలేక, కూలి పోగొట్టుకోలేక ఇలా ఒప్పుకుని వచ్చేవాళ్లు మా డెల్టాలో ఏటా ఎంతమందో. వాళ్లలో ఎవరికీ ఈ సంగతి ఆ రోజు చెప్పేవాళ్లుండరు.

‘ఆ రోజు పక్కన లాయరుండి, ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద మందలించి వదిలేయమని అడిగి ఉంటే వేరేగా ఉండేది’ అని కూడా చెప్పారాయన. 1958 నాటి చట్టం. అలా వదిలేస్తే, శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటకుండా అందులో 12వ సెక్షన్ కాపాడుతుందట. ఆరేళ్ల తర్వాత తెలిసి ఏం లాభం.

ఇంటిపేరులో తప్పు గురించి అడిగాను. ఆయన నవ్వలేదు. ‘తండ్రి పేరు నీదే, ఊరు నీదే, వయసు నీదే, వేలిముద్ర ఉంటే అదీ నీదే. ఆ ఒక్క అక్షరం పట్టుకుని ముప్పై ఐదేళ్లు ఉద్యోగం చేస్తావా?’ అన్నారు. తర్వాత 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన అవతార్ సింగ్ తీర్పు గురించి చెప్పారు. శిక్ష పడ్డా, కొట్టేసినా, నడుస్తున్నా, కేసు వివరం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కుర్రతనంలో నినాదాలు చేయడం లాంటి చిన్న విషయమైతే, దాచినా కూడా యజమాని తన విచక్షణతో వదిలేయవచ్చు. ఇక్కడిదాకా వినగానే నాకు ఊపిరి వచ్చింది. ఆయన వేలు ఎత్తారు: ‘ఆగు. నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. నీ చరిత్ర చూసి కాదనే హక్కు వాళ్లకి ఉంది. చెప్పడం నీ పని, తేల్చడం వాళ్ల పని.’

ఇంటికొచ్చి నాలుగు చోట్ల ‘అవును’ పెట్టాను. అరెస్టు, ప్రాసిక్యూషన్, జరిమానా, దోషి. మిగతా వాటికి ‘కాదు’. కింద ఖాళీలో ఎఫ్ఐఆర్ నంబరు, ఎస్‌టీసీ నంబరు, తేదీ, సెక్షన్, రెండు వందలు, ‘రికార్డులో నా ఇంటిపేరు తప్పుగా నమోదైంది, ఆ వ్యక్తిని నేనే’ అని రాశాను. ఈ చివరి వాక్యం రాస్తుంటే మావయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఫారం చివర గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కావాలి: ఈ మనిషిని ఇన్నేళ్లుగా ఎరుగుదును, ఇందులో రాసినవి నాకు తెలిసినంతలో నిజం అని. మా హైస్కూల్ హెడ్మాస్టర్ గారు నాకు లెక్కలు చెప్పిన మాస్టారే. సంబరంగా కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టారు. నేను టేబుల్ మీద గ్లోబు వైపు చూస్తూ కూర్చున్నాను. పన్నెండో కాలమ్ దగ్గర ఆగి, ‘ఇదేంట్రా?’ అన్నారు. చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. సంతకం పెట్టి, సీలు వేసి, ‘గుండాటలో గెలిచే అవకాశం ఎంతో లెక్క కట్టే పాఠం నేను చెప్పానా లేదా?’ అన్నారు. కోర్టులో కంటే అక్కడే ఎక్కువ సిగ్గేసింది.

ఆ తర్వాత ఎదురుచూపులు. ఫారం, సొంత డిక్లరేషన్ తీసుకుని అభ్యర్థిని తాత్కాలికంగా చేర్చుకోవచ్చని, వెరిఫికేషన్ తర్వాత పూర్తి చేసుకోవచ్చని కేంద్రం 2016లోనే ఉత్తర్వులిచ్చింది. అందుకే నా బ్యాచ్ వాళ్లందరూ వరసగా చేరిపోయారు. నా ఫైలు మాత్రం ఆ నాలుగు ‘అవును’ల దగ్గర ఆగింది. వాట్సాప్ గ్రూపులో వాళ్ల ఐడీ కార్డుల ఫోటోలు వస్తుంటే గ్రూపు మ్యూట్‌లో పెట్టుకున్నాను. పైగా నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. పదో తరగతి సర్టిఫికెట్ చూసి శాశ్వత చిరునామాలో తూర్పు గోదావరి జిల్లా అని రాశాను. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది కోనసీమ జిల్లా. కాగితం పాత జిల్లా కేంద్రానికి వెళ్లి, అక్కడి నుంచి తిరిగి మా జిల్లాకి వచ్చేసరికి నెలన్నర పోయింది. జిల్లాలు మారిన మావాళ్లెవరైనా ఫారం నింపుతుంటే దయచేసి ఇప్పటి జిల్లా పేరు చూసుకుని రాయండి.

స్పెషల్ బ్రాంచ్ కానిస్టేబుల్ గారు ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. మఫ్టీలో, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్. అమ్మ కంగారులో కుర్చీని రెండుసార్లు తుడిచింది. ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ చూశారు. పక్కింటి పిన్నిగారిని, ఎదురింటి కిరాణా కొట్టు బాబాయ్‌ని అడిగి వచ్చారు. బాబాయ్ నా గురించి చెప్పిన మంచి గోడ ఇవతలికి వినపడింది: ‘మంచోడండీ, అప్పు పెట్టడండీ.’ అశోక్‌నగర్ చిరునామాకి కూడా ఎవరో వెళ్లారట. ఇంటి ఓనరు ‘ఏటా ముప్పై మంది కుర్రాళ్లొస్తారు, ఎవరని గుర్తుపెట్టుకోను’ అన్నాడని తర్వాత తెలిసింది. అదృష్టం, అద్దె చెల్లించిన ఫోన్‌పే రికార్డు నా దగ్గర ఉంది.

వెళ్లబోతూ కానిస్టేబుల్ గారు గుమ్మం దగ్గర ఆగారు. ‘నీ పేరు మా సిస్టమ్‌లో కొడితే ఏమీ రాలేదు తమ్ముడూ. నువ్వు నంబరు రాశావు కాబట్టి తీశాను. లేకపోతే నో అడ్వర్స్, అంటే చెడు రికార్డేమీ లేదు అని రాసి పంపేసేవాణ్ణి’ అన్నారు.

అమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ పెరుగు మర్చిపోయింది, అంతే.

మూడు వారాల తర్వాత ఆఫీసు నుంచి ఉత్తరం. తీర్పు సర్టిఫైడ్ కాపీ, నా వివరణ 15 రోజుల్లో పంపాలి. మళ్లీ గోదావరి దాటి ఆ కోర్టుకి వెళ్లాను. కాపీ అప్లికేషన్ పెట్టి, రికార్డు రూమ్ నుంచి పాత కట్ట దిగే వరకు నాలుగుసార్లు తిరిగాను. వచ్చింది ఒకటే పేజీ. వెనక వరసగా తేదీల ముద్రలు: దరఖాస్తు పెట్టింది, చార్జీలు అడిగింది, కట్టింది, కాపీ సిద్ధమైంది, ఇచ్చింది. ముందు పక్క ఏ-1 నుంచి ఏ-14 వరకు పేర్లు, తండ్రి పేర్లు, ఊళ్లు. ఒక్కొక్కరికి రెండు వందలు, కట్టకపోతే ఐదు రోజుల సాధారణ జైలు.

కాపీ తెచ్చిన సంగతి ఎలా తెలిసిందో, ఆ రాత్రే ఏ-9, అదే మా వీధి స్నేహితుడు, మా ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు. పెరట్లో కొబ్బరి మొద్దు మీద కూర్చున్నాడు. వాడు తన ఫారంలో అన్నిటికీ ‘లేదు’ రాశాడు. ఎవరూ పట్టుకోలేదు. పెళ్లయింది, ఇల్లు కట్టుకోవడానికి లోన్ తీసుకున్నాడు. ‘ఒరేయ్, మిగతా పేర్ల మీద తెల్ల కాగితం పెట్టి జెరాక్స్ తీసి ఇవ్వొచ్చు కదరా’ అన్నాడు. అడగడానికి వాడు ఎంత చిన్నబోయాడో నాకు తెలుస్తూనే ఉంది.

లాయర్ గారికి ఫోన్ చేశాను. సర్టిఫైడ్ కాపీని దిద్దితే అది కాపీ కాదు, ఇంకో కేసు అన్నారు. వాడికి అదే చెప్పాను. ‘వేరే శాఖ కదరా, నీ కాగితం ఎవరు చూస్తారు’ అని కూడా అన్నాను. చెప్పాక తెలిసింది, అది అచ్చం మావయ్య మాటే. వాడు కొబ్బరి పీచు పీకుతూ కాసేపు కూర్చున్నాడు. ‘నంబరు నేనే ఇచ్చాను’ అని లేచి వెళ్లాడు.

వివరణ రాయడానికి మూడు రాత్రులు పట్టింది. మొదటి ప్రతిలో ‘తెలియక’ అన్న మాట ఐదుసార్లు వాడాను. లాయర్ గారు ఎర్ర పెన్నుతో ఐదూ కొట్టేశారు. ‘తెలియక వెళ్లావా? ముందు రోజు కూడా వెళ్లానని నువ్వే చెప్పావు.’ చివరికి మిగిలింది ముప్పావు పేజీ: ఆ రోజు అక్కడ ఉన్నాను, ఆడాను, ఒప్పుకున్నాను, ఫైను కట్టాను, అప్పటికి వయసు 20, తర్వాత ఇంకే కేసూ లేదు.

ఆరో నెలలో ఆర్డర్ వచ్చింది. వయసు, నేరం చిన్నదన్న సంగతి, దాచకుండా చెప్పడం చూసి నియామకానికి అభ్యంతరం లేదని రెండు లైన్లు. బ్యాచ్ వాళ్ల కంటే ఐదు నెలల జీతం వెనక చేరాను. నా పక్క సీటు ఆయనకి ఇప్పటికీ కోళ్ల గురించి తెలియదు.

స్నేహితుడికి ఇంతవరకు ఏ నోటీసూ రాలేదు. వస్తుందో రాదో నాకైతే తెలియదు, వాడికి రోజూ ఎలా గడుస్తుందో కూడా. ఫోన్ చేస్తే ఎత్తడు. మొన్న పండక్కి ఇంటికి వెళ్తే వాళ్లమ్మ గారు ఎప్పటిలాగే సున్నుండల డబ్బా పట్టుకొచ్చారు. ‘వాడేడి పిన్నీ?’ అన్నాను. ‘పడుకున్నాడు నాన్నా’ అన్నారు. అప్పటికి ఉదయం పదకొండయింది, వాళ్లింటి ముందు వాడి బండి లేదు.